రాజుగారి కుడి చెంప

ఒకానొక రాజ్యం ఉండేది. ఎంత పెద్దదంటే, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాళ్ళు 'చిరంజీవ' అనేసరికి మూడు నెలలు పట్టేది. దాన్ని గజకేతు మహారాజు ఏలేవాడు. ఆయనకు తన అందమంటే ఎంత మురిపెమో, ఆ మురిపెం మోయడానికే ఒక ఏనుగు కావాలి.

రోజూ సూర్యోదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆయన ఉత్తరముఖంగా కొలువుతీరేవాడు. కుడిచేతి పక్కన, తూర్పున, రథం దూరేంత కిటికీ. దానికి తెర కట్టనిచ్చేవాడు కాదు. "సూర్యుడంతటివాడు మా దర్శనానికి వస్తుంటే అడ్డు పెడతామా?" అనేవాడు. ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు నిలువెత్తు అద్దం కానుక తెచ్చాడు. అంతవరకు అరచేయంత అద్దంలో చూసుకున్న రాజు తొలిసారి తన మొహం మొత్తం చూసుకున్నాడు. ఎడమ చెంప వెన్నముద్ద. కుడి చెంప ఎండిన నిమ్మతొక్క. అందులోని ముడతలు లెక్కపెట్టడానికి కూర్చుంటే పంచాంగం మారిపోతుంది.

"ఎవరి పని ఇది?" అన్నాడు, చాలా మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడితే కోటలో కాకులు కూడా గొంతు తగ్గించేవి.

మంత్రి నరహరి ముందుకొచ్చాడు. "గడ్డం గీసే గురవప్ప ఎప్పుడూ కుడి చెంపతోనే మొదలెడతాడు ప్రభూ. కత్తికి ఏదో పసరు పూస్తున్నాడు. ఆ విషమంతా అటే అంటుతోంది."

ఇంకేముంది, గురవప్పను తాళ్ళతో కట్టి సభకు ఈడ్చుకొచ్చారు. పొద్దు నడినెత్తికొచ్చేలోగా తల తీసేయాలని రాజు ఆజ్ఞాపించాడు. తలారి అక్కడే కత్తి నూరడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకి చూడి ఆవులు ఈనేశాయి.

కబురు విని గురవప్ప భార్య తిప్పాంబ పరుగెత్తుకొచ్చింది. ఏడవలేదు, కాళ్ళమీద పడలేదు. సభ నాలుగు వైపులా ఒక్కసారి కలయజూసింది.

"ప్రభూ, తమకు పట్టిన జబ్బే ఈ సభలో ఇంకొకరికీ పట్టింది. వాళ్ళకీ కుడివైపే పాడైంది."

గురవప్పకి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏమే, ఉన్నది చాలదని ఇంకొకటి నా నెత్తిన వేస్తావా?"

"నువ్వు ఊరుకో మామా." రాజువైపు తిరిగింది. "అది కూడా ఈయన చేతిపనేనని తేలితే నా తల కూడా తీయించండి. కాదని తేలితే ఈయన్ని వదిలెయ్యండి."

"సరే, మాటిచ్చాం. ఎవరు వాడు?"

"చూపిస్తాను. తమరు ఒక్కసారి ఆసనం మీంచి లేవాలి."

కొలువు మధ్యలో రాజును లెమ్మన్నవాళ్ళు ఆ వంశంలో ఏడు తరాలుగా లేరు. తలారి నూరడం ఆపాడు. రాజు ఆమెను కళ్ళార్పకుండా ఎంతసేపు చూశాడంటే, గడ్డాలు లేనివాళ్ళకి కూడా గడ్డాలు మొలిచాయి. చివరికి లేచాడు.

తిప్పాంబ సింహాసనం వీపుకి తొడిగిన ఎర్ర మఖమల్ మీద చెయ్యి పెట్టింది. ఎడమ పక్క కుంకుమ రాశిలా ఉంది. కుడి పక్క వెలిసిపోయి, పగుళ్ళు తీసి, పాత గోనెలా ఉంది.

"ఈ సింహాసనానికి గడ్డం ఎవరు గీశారు ప్రభూ?"

రాజు మఖమల్ కేసి చూశాడు, కిటికీ కేసి చూశాడు, ఆ రెంటి మధ్య పరుచుకున్న ఎండ కేసి చూశాడు. ఎదురుగా రోజూ నిలబడే నరహరి తన ఎడమ చెంపను మెల్లగా ఉత్తరీయంతో కప్పుకున్నాడు.

"దీనికి మందు?" అన్నాడు రాజు.

"కిటికీకి తెర ప్రభూ. బయటికెళ్తే గొడుగు."

"మరి ఇప్పటికే పడిన ముడతలు?"

తిప్పాంబ ఒకసారి పక్కకి చూసింది. మొగుడి తాళ్ళు ఇంకా విప్పలేదు. తలారి చేతిలో కత్తి ఇంకా ఉంది.

"అవి పోవు ప్రభూ. పోగొడతానని ఎవడైనా వస్తే, ఈ తాళ్ళు వాడికోసం దాచి ఉంచండి."

రాజు పెదవి అదిరింది. కోపమనుకున్నారంతా. కాదు, నవ్వు. ఆ నవ్వుకి కోట పావురాలన్నీ లేచిపోయి మూడోనాటికి గాని తిరిగి రాలేదు. తన చేతి కంకణం తీసి తిప్పాంబకిచ్చి, కోటలోని కిటికీలన్నిటిమీదా ఆమెకే పెత్తనం రాసిచ్చాడు.

గురవప్ప కట్లు విప్పించి, "రా, గీయి" అని అక్కడే కూర్చుని మెడ చాపాడు.

గురవప్ప కత్తి అందుకున్నాడు. చెయ్యి రావి ఆకులా వణుకుతోంది. రాజు ఆ కత్తినీ, ఆ చేతినీ మార్చి మార్చి చూశాడు.

"తొందరేం లేదు గురవప్పా," అన్నాడు మెడ వెనక్కి తీసుకుంటూ. "నీ వణుకు తగ్గేదాకా మేం గడ్డంతోనే ఏలుతాం."