గాలిబండ దగ్గర పడిన సొట్ట

ఉదయం దస్తగిరి షెడ్డు తలుపు తీసేసరికి శిష్యుడు చెంగల్రాయుడు నేల మీద కూర్చుని, తను చేసిన సైకిలు ఫ్రేమును తనే రంపంతో కోసేస్తున్నాడు.

"ఏమైంది నాయనా? కొలత తప్పిందా?"

"కొలత సరిగానే ఉంది ఉస్తాద్."

"అతుకు వదిలిందా?"

"లేదు. ఎక్కడా తప్పు లేదు. కానీ ఇది అది కాదు."

దస్తగిరి పైపు ముక్కలు ఏరి మూలన పడేసి, గ్యాస్ వెలిగించి తన పని మొదలుపెట్టాడు. శిష్యుడు ఇలా కోసెయ్యడం ఇది మొదటిసారి కాదు.

మదనపల్లెలో బెంగళూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు దస్తగిరిది. కొండల్లో తొక్కే సైకిళ్లకు ఉక్కు ఫ్రేములు చేస్తాడు. అన్నీ పాతకాలపు తీరు. సన్నటి పైపులు. పై పైపు వంపు లేకుండా తిన్నగా ఉంటుంది. పైపులు కలిసే చోట చేత్తో ఆకురాయి పట్టి అరగదీసిన తొడుగులు. వాటి సందుల్లోకి కరిగిన ఇత్తడి పాకి, ఆరాక అతుకు ఎక్కడుందో కూడా తెలియదు.

ఇప్పుడు అంగళ్లలో దొరికే సైకిళ్లు తేలిక. పైపులు లావు. అయినా బెంగళూరు నుంచి మనుషులు వెతుక్కుంటూ వస్తారు. ఎక్కువమంది యాభై దాటినవాళ్లు. కాలేజీ రోజుల్లో అంగడి అద్దంలో చూసి కొనలేకపోయిన సైకిలు లాంటిదే కావాలంటారు. బ్రేకులు మాత్రం ఈ కాలంవి పెట్టమంటారు. దస్తగిరి పైపు మీద గోటితో కొట్టి వినిపిస్తాడు. ఖంగుమనే ఆ చప్పుడు వినగానే వాళ్ల ముఖాలు మారిపోతాయి. ఒకాయన అక్కడే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఎందుకో ఆయనకే తెలియలేదు.

చెంగల్రాయుడు కొనడానికి రాలేదు. ఊళ్లో ఫోటో స్టూడియో నడిపేవాడు. అతని భార్య హంసవేణి హైస్కూల్లో ఆటల టీచరు. ఆమె సైకిలు దస్తగిరి చేసిందే. నేరేడు పండు రంగు. సెలవు దొరికితే చాలు, దాని మీద హార్సిలీ కొండకు పోయేది. రాళ్ల బాట పట్టుకుని దిగేది. దిగొచ్చాక షెడ్డు ముందు ఆగి, "ఉస్తాద్, మీ ఉక్కు నా మోకాళ్లను కాపాడింది," అని నవ్వేది.

ఒకనాటి సాయంత్రం కొండ మీద పెద్ద వాన పడింది. ఆమె తిరిగొచ్చేసరికి దారిలో వంక దాటే చప్టా మునిగి నీళ్లు పారుతున్నాయి. దాటగలననుకుంది. మరునాడు కింద కంపచెట్లలో ఆమె దొరికింది. సైకిలు దొరకలేదు. వంక ఎండిపోయాక చెంగల్రాయుడు ఇసుక తవ్వి తవ్వి వెతికాడు. చూసినవాళ్లు మొదట సాయం చేశారు. తర్వాత పక్కనుంచి పోతూ తల తిప్పుకునేవారు.

ఆ ఎండాకాలం అతను స్టూడియోకు తాళం వేసి దస్తగిరి దగ్గరికి వచ్చాడు.

"అట్లాంటిదే ఒకటి చేసియ్యమంటావా?" అన్నాడు దస్తగిరి.

"వద్దు ఉస్తాద్. నాకు చెయ్యడం నేర్పండి. నేనే చేస్తాను."

దస్తగిరి అతని చేతులు చూశాడు. ఫోటోలు పట్టుకున్న మెత్తటి చేతులు. "కాల్తాయి," అన్నాడు.

"కాలనీయండి."

కాలాయి. కాయలు కాచాయి. అతను నేర్చుకున్నాడు. మంట రంగు చూసి ఇత్తడి ఎప్పుడు కరుగుతుందో చెప్పగలిగే దాకా వచ్చాడు. బెంగళూరు వాళ్లకు అతను చేసిన ఫ్రేములను దస్తగిరి ఒక్కసారి తడిమి చూసి పక్కన పెట్టేవాడు. అంటే బాగున్నట్టు.

కానీ హంసవేణి సైకిలు మాత్రం రాలేదు. స్టూడియోలో ఉన్న ఆమె ఫోటో ఒకటి తీసి, సైకిలు అసలు ఎంత పొడవో అంత పెద్దది చేయించి, బ్యానరు గుడ్డ మీద అచ్చు వేయించాడు. దాన్ని షెడ్డు గోడకు కొట్టాడు. కొండ మలుపులో ఒక కాలు నేలకు ఆనించి, ఒక చెయ్యి పై పైపు మీద వేసి హంసవేణి నిలబడి ఉంటుంది. పైపులు తెచ్చి ఆ బొమ్మ మీద ఆనించి కొలుచుకునేవాడు. నేరేడు రంగు కోసం తిరుపతి దాకా పోయి వచ్చాడు. ఫ్రేము పూర్తయ్యేది. దాన్ని గోడకు ఆనించి బొమ్మ పక్కనే పెట్టి చూసేవాడు. చాలాసేపు చూసేవాడు. తర్వాత రంపం తీసేవాడు.

ఒక్క రోజు కూడా పని మానలేదు. పండగ నాడు షెడ్డు మూసేస్తే తాళం చెవి అడిగి పుచ్చుకునేవాడు. ఆమె సంవత్సరీకం నాడు అత్తగారింటికి వెళ్లి అన్నం తిని, నుదుటి మీద బొట్టు ఆరకముందే తిరిగొచ్చి ఆకురాయి పట్టుకున్నాడు.

"ఇంట్లో కాసేపు ఉండకూడదా?" అన్నాడు దస్తగిరి.

"ఇంకొంచెమే ఉంది ఉస్తాద్. వచ్చేస్తుంది."

వచ్చేస్తుంది అన్నది సైకిలు గురించో, మనిషి గురించో దస్తగిరి అడగలేదు.

మరుసటి ఏడు వానలు మళ్లీ మొదలయ్యాయి. ఒకరోజు దస్తగిరి నమాజు చేసుకుని వచ్చేసరికి చెంగల్రాయుడు గుమ్మంలోనే ఎదురు చూస్తున్నాడు. మనిషి ముఖంలో వెలుగుంది. దస్తగిరి ఆ వెలుగు చూసి ఎందుకో ఆగిపోయాడు.

"రండి ఉస్తాద్. ఈసారి వచ్చింది."

నేరేడు రంగు ఫ్రేము బల్ల మీద ఉంది. దస్తగిరి కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. తొడుగులు తడిమాడు. వెనక పైపులు తడిమాడు. పై పైపు మీద వేలు పోనిచ్చాడు. మధ్యలో వేలు ఆగింది. అక్కడ చిన్న సొట్ట.

"కింద పడిందా?"

"లేదు. ఇది ఆమె సైకిలుకు ఉండేది. కొండ మీద గాలిబండ దగ్గర జారిపడితే రాయి తగిలింది. మీరు సరిచేస్తానంటే వద్దంది. మీకు గుర్తులేదా?"

"ఉంది. ఎక్కడ పడ్డానో గుర్తుంటుంది, ఉండనీండి అనింది."

"అదే ఉస్తాద్. ఇన్నాళ్లూ నాకు తోచలేదు. బొమ్మలో ఆమె చెయ్యి సరిగ్గా దాని మీదే ఉంది. అందుకే కనపడలేదు. నిన్న తోచింది."

"ఇది ఎట్ల పడింది?"

"ఏది?"

"ఈ సొట్ట."

చెంగల్రాయుడు కాస్త తడబడ్డాడు. "సుత్తితో కొట్టాను. కింద గుడ్డ పెట్టి, రంగు పోకుండా."

దస్తగిరి కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఫ్రేమును రెండు చేతులా ఎత్తి తెచ్చి, చెక్క దిమ్మె మీద పడుకోబెట్టాడు. బల్ల మీది సుత్తి తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఇది గాలిబండ దగ్గరిది. సరే. వంకలోవి కూడా కొట్టు."

చెంగల్రాయుడికి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ముఖంలో వెలుగు పోయింది.

"కొట్టు నాయనా. ఆ రాళ్లు ఎక్కడెక్కడ తగిలినాయో అక్కడంతా కొట్టు. అప్పుడు గానీ అది ఆ సైకిలు కాదు."

చెంగల్రాయుడు సుత్తి ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఉండిపోయాడు. బయట రేకుల మీద వాన పడుతోంది. సుత్తిని ముందు పైపు మీదికి తెచ్చాడు, అక్కణ్ణుంచి వెనక పైపు మీదికి తెచ్చాడు. ఎక్కడా దించలేకపోయాడు.

"ఎక్కడ తగిలాయో నాకు తెలీదు ఉస్తాద్," అన్నాడు చివరికి. "నేను అక్కడ లేను."

దస్తగిరి దిమ్మె దగ్గరికి ఇంకొంచెం జరిగాడు.

"స్టూడియోలో ఎవరిదో పెళ్లి ఆల్బం సర్దుతా ఉన్నాను. ఆమె నీళ్లల్లో ఎంతసేపు ఉందో తెలీదు. ఏదైనా పట్టుకునిందో లేదో తెలీదు. నన్ను పిలిచిందో లేదో తెలీదు. ఏమీ తెలీదు నాకు."

దస్తగిరి మెల్లిగా అతని వేళ్లు విప్పి సుత్తి తీసుకున్నాడు. చెంగల్రాయుడు దిమ్మెను ఆనుకుని, ఇనుప రజను పడి ఉన్న నేల మీద కూలబడ్డాడు. వంక ఒడ్డున కూడా ఏడవని మనిషి ఇప్పుడు నోరు మూసుకోవడం చేతగాక ఏడ్చాడు. దస్తగిరి అతని వీపు మీద చెయ్యి వెయ్యలేదు. ఊరుకో అనలేదు. మోకాళ్లు పట్టేసిన ఆ పెద్దమనిషి గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగి అతని పక్కన కూర్చున్నాడు.

చాలాసేపటికి చెంగల్రాయుడు తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎన్ని చేసినా రాదు కదా ఉస్తాద్?"

"రాదు," అన్నాడు దస్తగిరి.

వాన తగ్గలేదు. గుమ్మం ముందు కారు ఆగింది. ఎవరో బెంగళూరాయన గొడుగు మడుస్తూ లోపలికి తొంగి చూశాడు. దిమ్మె మీదున్న నేరేడు రంగు ఫ్రేమును చూసి అతని కళ్లు మెరిశాయి. కింద కూర్చున్న ఇద్దరినీ ఆ తర్వాత చూశాడు.

"ఫ్రేము చేయించుకోవాలని వచ్చానండీ. మాట్లాడొచ్చా?"

చెంగల్రాయుడు అలవాటుగా లేవబోయాడు. ముఖం తుడుచుకుంటూ ఆకురాయి కోసం చెయ్యి చాచాడు. దస్తగిరి అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఈ పొద్దు పని లేదు సార్," అన్నాడు దస్తగిరి.