గంజి లేని తలపాగా

ఒకానొక రాజ్యంలో, వానలు మొహం చాటేసిన ఏడాది, ధీరకేతు మహారాజుగారి కోటలో మాత్రం రోజూ గుండిగలకొద్దీ అన్నం ఉడికేది. వార్చిన గంజి, పొయ్యి బూడిద, కూరల తొక్కలు పెరటి గుమ్మంలోంచి బయటికొచ్చేవి. తొక్కలు తోటకి ఎరువు. మిగతావి చాకలి నూకాలుకి. బూడిద నీళ్ళలో రాజుగారి బట్టలు ఉడకేసేది, గంజి పెట్టి ఆరేసేది. ఇంకో గరిటె గంజి చెంబులో ఇంటికి తీసుకెళ్ళి అత్త అప్పాయమ్మకి పట్టేది. ఆ కరువులో ముసలిప్రాణం దానిమీదే నిలిచింది.

ఒకరోజు రాజుగారు ఆ గుమ్మం చూశారు.

"ఛీ! నా వంటింటి చెత్త కోసం జనం కాచుకోవడమా! నా పరువేం కావాలి? అంతా గోతిలో పోసి పూడ్చండి. చిటికెడు బూడిద బయటికి పోయినా కొరడా దెబ్బలే!"

"మారాజా, ఒక్క చెంబు... ఇంట్లో ముసలిది..." అంది నూకాలు.

"నాకే పనికిరానిది నీకెందుకే?"

నూకాలు తల వంచుకుని వచ్చేసింది.

వేడి గంజి గోతిలో పోస్తుంటే ఆ వాసన గోడ దాటి వచ్చేది. అప్పాయమ్మ మంచంలోంచే అటు తిరిగి, "వారుస్తున్నారే," అనేది. ఆరోరోజు అనలేదు.

మైల తీరాక నూకాలు మళ్ళీ రేవుకి వెళ్ళింది.

ఆ వారమే పొరుగు రాజు చుట్టంచూపుగా వచ్చాడు. ధీరకేతు ఇరవై మూరల తలపాగా చుట్టించుకుని కొలువుతీరారు. కూర్చోగానే అది జారి ముక్కు మీదికొచ్చింది. ఎత్తారు. మళ్ళీ వచ్చింది. పొరుగు రాజు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

రాజుగారు నూకాలుని పిలిపించారు. "ఏం చేశావే దీన్ని?"

"వట్టి నీళ్ళతో ఉతికాను మారాజా. దీన్ని తెల్లగా ఉంచేది మీ పొయ్యి బూడిద, నిలబెట్టేది మీ వంటింటి గంజి. రెండూ గోతిలో ఉన్నాయి. మీ పరువూ అక్కడే ఉంది. సెలవిస్తే తవ్వుకొస్తాను."

రాజుగారు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ముందు పొరుగు రాజు నవ్వాడు. తర్వాత రాజుగారూ పడీపడీ నవ్వారు.

"నా పరువు నేనే పూడ్చుకున్నానన్నమాట!" చేతి కడియం తీసిచ్చారు. "ఇంకేం కావాలో అడుగు."

"గొయ్యి మూయించండి మారాజా. గంజి గుమ్మంలోనే పోయించండి, ఎవరొస్తే వాళ్ళకి."

మర్నాడే గుమ్మం తెరుచుకుంది. ఎన్ని చెంబులో, ఎన్ని చేతులో! నూకాలు వంతు వచ్చింది. వంటామె కుండ నింపి, అలవాటుకొద్దీ చెంబు కోసం ఇంకో గరిటె ఎత్తింది.

"వద్దక్కా," అంది నూకాలు. "బట్టలకి చాలు."