కడగని పొన్నగంటాకు

మా గురువు చిదంబరయ్య గారు నాటువైద్యులు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం ఆయనకు ఇంటావంటా లేదు. చేతిలో పని ఆపకుండా ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెబుతారు. అర్థమైతే అయినట్టు, లేకపోతే మన ఖర్మ.

ఆ ఉదయం ఆయన మందు నూరే కల్వం తుడుచుకుంటుండగా, కొత్తగా చేరిన సాంబమూర్తి కాలవగట్టు నుంచి బుట్టెడు పొన్నగంటాకు కోసుకొచ్చాడు. చూపు మందగించిన ఒక పసిబిడ్డను ఆ పూట తీసుకొస్తామని కబురు వచ్చింది. కంటిమందుకు కోసే ఆకు మంచు ఆరకముందే కోయాలి, నీళ్లలో ముంచకూడదు, ముంచితే పసరు బలం పోతుందని మా దివిసీమ పల్లెల్లో ఒక పట్టింపు. ఆ పట్టింపు ప్రకారమే తెచ్చాడు. తెచ్చాడుగానీ గట్టు నిండా బొరియలు చూసి మండిపడుతూ వచ్చాడు.

"అయ్యగారూ, పందికొక్కు గింజ తింటుంది, గట్టు తొలుస్తుంది, చాలక రోగాలు కూడా అంటిస్తుందట. ఇంత చేసినదానికి ఆ పాపం తగలదా?" అన్నాడు.

గురువుగారు తలెత్తకుండానే నాంచారమ్మ సంగతి ఎత్తుకున్నారు. ఆవిడ ఆయనకు వరసకు పిన్ని. తల్లి లేని మనవరాలు శేషును గుండెలమీద పెట్టుకుని పెంచింది. పిల్లకు చూపు కాస్త తక్కువ. అందుకని రోజూ తెల్లవారుతూనే గట్టుకు వెళ్లి పొన్నగంటాకు కోసి, కడగకుండా నూరి, ఆ పచ్చి పసరు తన చేత్తోనే తాగించేది. కొన్నాళ్లకు పిల్ల తలనొప్పి అని ఏడ్చింది. మెడ వంచలేకపోయింది. ఒక కంటికి అంతా మసకగా ఉందంది. మందు చాలడం లేదేమోనని నాంచారమ్మ పసరు రెండు పూటలా పొయ్యడం మొదలుపెట్టింది. 

చివరికి బందరు తీసుకెళ్లారు, వెంట గురువుగారూ వెళ్లారు. డాక్టరు అంతా విని విడమరిచి చెప్పాడట. పందికొక్కు ఊపిరితిత్తుల్లో సన్నటి పురుగు ఉంటుంది. ఆ పురుగు పిల్లలు పెంటికలతో బయటపడతాయి. ఆ పెంటికలు తిన్న నత్తలో అవి పెరుగుతాయి. అలాంటి చిన్న నత్తో, దాని జిగురో అంటిన ఆకు పచ్చిగా కడుపులోకి పోతే, పురుగు మనిషి తలకెక్కుతుంది, ఒక్కోసారి కంట్లోకి దిగుతుంది. శేషు బతికింది. ఆ కన్ను మాత్రం పోయింది.

తిరిగొచ్చాక ఊరివాళ్లు పలుగులు పట్టుకుని గట్టంతా తవ్వారు. దొరికిన ఒక పందికొక్కును కాలికింద నొక్కిపట్టి, నాంచారమ్మ చేతికి కర్ర ఇచ్చి, "కొట్టు పిన్నీ, నీ కసి తీరుతుంది" అన్నారు.

ఆవిడ కర్ర కింద పడేసింది. "దానికేం తెలుసు నాయనా. అది పిల్ల నోట్లో పెట్టలేదుగా" అని ఇంటికి వెళ్లిపోయింది. ఆ తరవాత బతికినన్నాళ్లూ ఏ ఆకు చేతికొచ్చినా కడుగుతూ కూర్చునేది. తమలపాకు కూడా నలిగిపోయేదాకా కడిగేది. ఇక చాల్లే నాయనమ్మా అని శేషు వచ్చి చెయ్యి పట్టుకుంటే తప్ప ఆపేది కాదు.

సాంబమూర్తి నెమ్మదిగా, "మరి ఆ పాపం ఎవరిదంటారు, అయ్యగారూ?" అని అడిగాడు.

గురువుగారు బుట్ట దగ్గరికి లాక్కుని, పైనున్న ఆకును తిరగేసి చూశారు. నత్త పాకిన జిగురు ఇంకా తడిగానే ఉంది. దాన్ని సాంబమూర్తి అరచేతిలో పెట్టారు.

"పందికొక్కుల సంగతి రేపు చూద్దువుగాని. ఆ బిడ్డ వచ్చే వేళయింది, ఆకు ఉడకాలి, ముందు పొయ్యి వెలిగించు" అన్నారు.