నీళ్ల దగ్గర ఆగిన షర్బత్

హిమజ గుర్రం దిగీ దిగకముందే మొదలుపెట్టింది.

"ఉస్తాద్, నాకు గుర్రాన్ని మార్చండి. ఇక దీంతో నా వల్ల కాదు."

దస్తగిరి ఉస్తాద్ అప్పటికే వంగి గుర్రం ముందుకాలు ఎత్తి పట్టుకున్నాడు. గిట్టలో ఇరుక్కున్న మట్టిని ఇనుప కొక్కెంతో గీకుతూ, "ఏం జేసిండు?" అన్నాడు.

"ఏం చేసిందా? నీళ్లు కనిపిస్తే చాలు, ఆగిపోతుంది. ఇప్పటికి మూడు పోటీలు. మూడుసార్లూ నీళ్ల దగ్గరే మమ్మల్ని బయటికి పంపేశారు. ఇది పిరికిది ఉస్తాద్. ఆ మాట మీరు కూడా ఒప్పుకోండి."

ఉస్తాద్ ఆ కాలు దించి రెండో కాలు ఎత్తాడు.

ఆ గుర్రపుస్వారీ క్లబ్బు హైదరాబాదు దాటాక, చేవెళ్ల వెళ్లే దారిలో పొలాల మధ్య ఉంది. ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి. సైన్యంలో గుర్రాల దళంలో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చినవాడు. మాటలు తక్కువ, అవి కూడా మనుషులతో కంటే గుర్రాలతోనే ఎక్కువ.

హిమజ పళ్ల డాక్టరు. నాలుగేళ్ల క్రితం, ఒంటికి కాస్త వ్యాయామం ఉంటే మంచిదని వచ్చి గుర్రాల పిచ్చి తగిలించుకుంది. తెల్లారకముందే వచ్చి స్వారీ చేసి, ఒంటి మీద గుర్రం వాసనతోనే క్లినిక్కు పరుగెత్తుతుంది. మహా పట్టుదల మనిషి. కాకపోతే పట్టుదల ఎక్కువైన వాళ్లకు ఉండే జబ్బే ఆమెకూ ఉంది. ఎక్కడ ఏ పొరపాటు జరిగినా అది ఎదుటివాళ్లదే అనిపిస్తుంది. ఇక్కడ ఎదుటివాళ్లంటే గుర్రం, పాపం అది నోరు తెరిచి కాదని చెప్పలేదు.

దాని పేరు షర్బత్. ఎర్రటి ఒళ్లు, నుదుటి మీద తెల్లమచ్చ. రేసుల్లో ఎప్పుడూ వెనకబడేది కాబట్టి యజమాని వదిలించుకుంటే ఈ క్లబ్బుకు చేరింది. చెప్పిన మాట వింటుంది, దుంగలు దూకుతుంది, కరవదు, తన్నదు. నీళ్లే దానికి గండం. మడుగు కనిపించగానే నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడిపోతుంది.

హిమజ ఊరుకునే రకం కాదు కదా. క్లబ్బు కమిటీకి అప్పటికే ఉత్తరం రాసింది. షర్బత్ పోటీలకు పనికిరాదనీ, కొత్తగా వచ్చిన సుల్తాన్ అనే గుర్రాన్ని తనకు ఇవ్వమనీ. కమిటీ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. పనికిరాని గుర్రానికి దాణా దండగ అని, పాతబస్తీలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయనకు కబురు పెట్టారు. ఆయన సోమవారం వచ్చి తోలుకుపోతానన్నాడు. ఇక ఉస్తాద్ సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ సంగతి విన్నప్పుడు హిమజకు మనసు కలుక్కుమంది. బ్యాండు మోతల మధ్య, టపాకాయల మధ్య షర్బత్ ఎలా నిలబడుతుందో ఆమెకు తెలుసు. 'నేనేమీ అమ్మేయమని రాయలేదుగా' అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

గిట్టల పని ముగించి ఉస్తాద్ నడుం పట్టుకుని మెల్లగా లేచాడు.

"ఆయితారం పోటీ ఉన్నది గద బిడ్డా. వీని మీదనే పో. అటెన్క గూడ నువ్వు పిరికోడే అంటె, పొద్దుగూకే యాళ్లకు నేనే సంతకం పెడ్త."

ఆదివారం వచ్చింది. జనవరి మంచు ఇంకా పొలాల మీదే ఉంది. పోటీకి వచ్చినవాళ్లలో స్వారీయే బతుకుగా ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ఒకాయన చార్టర్డ్ అకౌంటెంటు, ఒకామె కాలేజీలో పాఠాలు చెబుతుంది, ఇంకొకాయనకు టైల్స్ దుకాణం ఉంది. అంతా కలిసి పదకొండు మంది.

ఒకే గుర్రం మీద ఒకే రోజు మూడు పరీక్షలు. మొదట ఇసుక మైదానంలో జడ్జీల ముందు గుర్రాన్ని ఒద్దికగా నడిపించి చూపాలి. తర్వాత చెట్ల మధ్య నుంచీ గుట్టల మీది నుంచీ పరుగెత్తిస్తూ దుంగలూ కందకాలూ నీటిమడుగూ దాటించాలి. చివర రంగురంగుల కర్రలు దూకించాలి. తప్పు చేసినప్పుడల్లా మార్కులు పడుతుంటాయి. ఎవరికి తక్కువ పడితే వాళ్లు గెలిచినట్టు.

మొదటి పరీక్ష అయ్యేసరికి హిమజ మూడో స్థానంలో ఉంది. ఆమె ముఖం వెలిగిపోయింది. వెంటనే నీళ్లు గుర్తొచ్చి ఆ వెలుగు కాస్తా తగ్గింది.

రెండో పరీక్షకు ముందు ఒక పద్ధతి ఉంది. స్వారీ చేసేవాళ్లు దారంతా కాలినడకన తిరిగి చూసుకోవచ్చు. ఏ దుంగ ఎక్కడుంది, ఎక్కడ మలుపు తిరగాలి, ఎన్ని అంగల్లో దూకాలి, అన్నీ లెక్క చూసుకోవచ్చు. గుర్రానికి మాత్రం ముందుగా చూపించకూడదు. అది పరుగెత్తుకుంటూ వచ్చి అప్పటికప్పుడు చూసుకోవాల్సిందే.

హిమజ ఆ దారి రెండుసార్లు తిరిగింది. ఫోన్లో ఫోటోలు తీసుకుంది. మడుగు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం అందరిలాగే ఒడ్డు మీది నుంచి చుట్టూ తిరిగి అవతలికి వెళ్లింది. ఉదయమే పాలిష్ చేసిన బూట్లు ఎవరు తడుపుకుంటారు?

"నాకు గూడ ఓసారి సూపియ్యి," అన్నాడు ఉస్తాద్.

హిమజ చూపించింది. ఇక్కడ నాలుగు అంగలు, అక్కడ ఎడమ వైపు, ఈ కందకం దగ్గర వేగం తగ్గించాలి అని పాఠం అప్పజెప్పింది. ఉస్తాద్ ఊఁ కొడుతూ వెంట నడిచాడు. మడుగు రాగానే ఆమె అలవాటుగా ఒడ్డు పట్టుకుని పక్కకు తిరిగింది.

ఉస్తాద్ తిరగలేదు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. పైజామా మోకాళ్ల పైకి లాక్కున్నాడు. తిన్నగా నీళ్లలో దిగి నడుచుకుంటూ అవతలి ఒడ్డెక్కాడు.

"ఇట్లనే రా," అన్నాడు.

"బూట్లు తడుస్తాయి ఉస్తాద్."

"తడవని."

హిమజ నీళ్ల అంచు దాకా వచ్చింది. నిన్న ట్యాంకరుతో పోయించిన నీళ్లు, రాత్రంతా మట్టి కలిసి టీ రంగుకు తిరిగాయి. పైన ఆకాశం మెరుస్తోంది గానీ అడుగు కనిపించడం లేదు.

"లోతెంత?"

"రా."

"అడుగున రాళ్లేమైనా ఉన్నాయా?"

"రా బిడ్డా."

కుడికాలు ముందుకు పెట్టింది. అంచున బురద జారింది. కాలు వెనక్కి లాక్కుంది. ఇప్పుడే ఒక ముసలాయన ఉత్తకాళ్లతో దాటడం కళ్లారా చూసింది. అయినా కాలు కదలనంటోంది. ఆమెకు సిగ్గేసింది. సిగ్గు వల్ల కాలు ఇంకా బిగుసుకుంది.

ఉస్తాద్ మళ్లీ పిలవలేదు. అవతలి ఒడ్డున చతికిలబడి పైజామా అంచులు పిండుకుంటున్నాడు. తనకిక ఈ పూట వేరే పనేమీ లేనట్టు కూర్చున్నాడు.

చివరికి హిమజ దిగింది. చల్లటి నీళ్లు బుడుంగుమని బూట్లలోకి వచ్చాయి. మోకాలి లోతు కూడా లేదు. అడుగున గట్టి నేల. నాలుగు అడుగులు వేసేసరికి మడుగు అయిపోయింది.

ఉస్తాద్ చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ అన్నాడు.

"నువ్వు దిగెదాక నలభై లెక్కవెట్టిన. నిన్నెవ్వరు గొట్టలె."

అంతే. తర్వాతి దుంగ వైపు నడక మొదలుపెట్టి, "దీనికి ఎన్ని అంగలన్నవ్?" అని అడిగాడు.

ఎన్ని అంగలో హిమజకు గుర్తు రాలేదు. మూడు పోటీల్లో మూడు మడుగుల దగ్గరా తాను షర్బత్ వీపు మీద ఎన్ని దెబ్బలు వేసిందో అవి మాత్రం వరసగా గుర్తొచ్చాయి. క్లినిక్కులో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని నోరు తెరవనని మొరాయించే పెద్దమనుషులను రోజూ చూస్తుంది. వాళ్ల మీద ఒక్కనాడూ విసుక్కోలేదు. బూట్లు కిచకిచమంటుంటే ఆమె ఆయన వెంట నడిచింది.

పదకొండింటికి ఆమె వంతు వచ్చింది. జెండా ఊగింది. షర్బత్ గాలిలా బయల్దేరింది. మొదటి దుంగ, రెండోది, కందకం, గుట్ట దిగుడు. ఎనిమిదింటినీ ఒక్క తప్పు లేకుండా దాటింది. చెట్లు దాటి మలుపు తిరగగానే ఎదురుగా మడుగు.

నాలుగు కాళ్లూ నేలలో పాతుకుపోయాయి. హిమజ ముందుకు తూలి, మెడ పట్టుకుని నిలదొక్కుకుంది. జడ్జీ కాగితం మీద రాశాడు. ఇరవై మార్కులు.

ఆమె ప్రమేయం లేకుండానే కొరడా పట్టిన చెయ్యి పైకి లేచింది.

షర్బత్ చెవులు వెనక్కి తిరిగాయి. ఒళ్లంతా బిగిసింది. దెబ్బ కోసం చూస్తోందని హిమజకు అప్పుడు తెలిసింది. మునుపూ ఇలాగే చూసి ఉంటుంది. పైన కూర్చున్నావిడకు నీళ్లూ గడియారమూ తప్ప ఇంకేమీ కనిపించలేదు, అంతే.

చెయ్యి దించేసింది.

పగ్గాలు కాస్త వదులు చేసింది. షర్బత్ ఒక అడుగు వెనక్కి వేసింది. అదీ తప్పే. జడ్జీ మళ్లీ ఇరవై రాశాడు. ఇంకొక్క తప్పు పడితే ఇంటికే. ఆ తర్వాత సోమవారం, పాతబస్తీ ఆయన.

"ఒక్కటి తగిలించండి డాక్టర్ గారూ! అదే దిగుతుంది!" ఒడ్డున నిలబడి చూస్తున్న వాళ్లలోంచి టైల్స్ దుకాణం ఆయన అరిచాడు. మంచి మనసుతోనే అరిచాడు.

హిమజ వినిపించుకోలేదు. వంగి షర్బత్ మెడ మీద అరచెయ్యి ఆనించింది. ఏం మాట్లాడాలో తోచక, రోజూ కుర్చీ పక్కన నిలబడి చెప్పే మాటలే చెప్పింది.

"తొందరేం లేదు. నేనిక్కడే ఉన్నాను. నువ్వు సరే అన్నాకే."

గుర్రం మెడ మెల్లగా కిందికి వాలింది. ముక్కు నీళ్లకు ఆనించి ఫుర్రుమని ఊదింది. నీళ్లు అలలు కట్టాయి. ఉలిక్కిపడింది గానీ వెనక్కి వెళ్లలేదు. మళ్లీ ఊదింది. ముందుకాలితో ఒక్క చరుపు చరిచింది. బురదనీళ్లు ఎగిరి హిమజ ముఖమంతా పడ్డాయి. ఆమె కళ్లు తుడుచుకోలేదు, కదల్లేదు.

షర్బత్ ఒక కాలు దించింది. ఆగింది. రెండో కాలు దించింది.

తర్వాత నీళ్లు చిమ్ముకుంటూ అవతలి ఒడ్డెక్కి పరుగందుకుంది. హిమజకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముఖం మీద ఏవి బురదనీళ్లో ఏవి కన్నీళ్లో చూసేవాళ్లెవరూ మడుగు అవతల లేరు.

సాయంత్రం ఫలితాలు చదివారు. ఆగినందుకు నలభై, ఆలస్యానికి ఇంకొన్ని, చివరి పరీక్షలో పడ్డ కర్రకు ఇంకో నాలుగు. పదకొండు మందిలో పదో స్థానం. పదకొండో ఆయన మొదటి దుంగ దగ్గరే కిందపడి, మధ్యాహ్నమే నడుముకు కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్లిపోయాడు. అంటే చివరి స్థానమన్నట్టే.

హిమజ చప్పట్లు కొట్టి గెలిచినవాళ్లను పలకరించింది. సెక్రటరీ గారిని పక్కకు పిలిచి నాలుగు నిమిషాలు మాట్లాడింది. అక్కడి నుంచి గుర్రపుశాల వైపు దాదాపు పరుగెత్తింది.

ఉస్తాద్ షర్బత్‌ను చల్లబరచడానికి మెల్లగా నడిపిస్తున్నాడు. హిమజ వెళ్లి ఆయన చేతిలోని తాడు తీసుకుంది. ఇద్దరూ గుర్రానికి చెరో పక్కన నడిచారు.

"ఉస్తాద్, ఆ ఉత్తరం వాపసు తీసుకున్నాను. రేపు రావద్దని పాతబస్తీ ఆయనకు సెక్రటరీ గారు నా ఎదుటే ఫోన్ చేశారు."

"మరి సుల్తాన్?"

"ఎవరికి కావాలంటే వాళ్లకు ఇవ్వండి. నాకు వీడే కావాలి."

ఉస్తాద్ తల ఊపాడు. ఆ మాటకు ఆయన మెచ్చుకుంటాడేమోనని హిమజ కాసేపు చూసింది. ఆయన మెచ్చుకోలేదు. ఆమెకు మాత్రం సంతోషం లోపల పట్టడం లేదు.

"మీరు చూసి ఉండాల్సింది ఉస్తాద్! ఎలా దిగాడనుకున్నారు! వీడికి నీళ్ల భయం పూర్తిగా పోయింది."

ఉస్తాద్ ఆగాడు. షర్బత్ ముందుకాళ్ల మధ్య చెయ్యి పెట్టి ఛాతీ ఇంకా వేడిగా ఉందేమో చూశాడు. చల్లబడింది. అరచేతికి అంటిన చెమటను చొక్కాకు తుడుచుకున్నాడు.

"రేపు వీనికి ఆరాం," అన్నాడు. "ఎల్లుండి పొద్దుగాల నీళ్ల కాడ మళ్ల భయపడ్తడు. నువ్వెన్ని గంటలకొస్తవ్?"