పాటిదిబ్బ మీద పెంకులు

ఒకప్పుడు నేలతల్లికి శుభ్రం పిచ్చి ఉండేది. పైన పూస పడినా పెంకు పడినా గుటుక్కున మింగేసి, మట్టి కప్పేసేది. వాన వెలిశాక చూస్తే నేలంతా అలికినట్టు ఉండేది.

ఆ రోజుల్లో ఒక ఊరికి కరువొచ్చింది. ఊరు ఊరంతా వలసపోయింది. పోయేముందు ఎవరింట్లో వాళ్లు విత్తనాల జొన్నలు పాతర వేసుకున్నారు. పాతరంటే ఇంట్లోనే గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి మట్టితో మూసేయడం. గుర్తు ఎందుకు, గోడలున్నాయిగా అనుకున్నారు. ఎంత తెలివో చూడండి, అవి మట్టి గోడలు.

కొన్నేళ్లకు గట్టి వానలు పడ్డాయి. అందరికంటే ముందు సంగవ్వ, కూతురు ఈరిని వెంటబెట్టుకుని వచ్చింది.

వచ్చి చూస్తే ఊరు లేదు. గోడల్లేవు, పొయ్యిల్లేవు, దారుల్లేవు. నున్నటి దిబ్బ ఒక్కటే ఉంది.

“నా ఇల్లేదమ్మా?” అని సంగవ్వ నేలనే అడిగింది.

“సర్దేశాను,” అంది నేల గొప్పగా.

“సర్దేశావా? దాని కిందే మా పాతరుంది. ఈ పదును ఆరేలోగా విత్తకపోతే నా పిల్లకి తిండి లేదు.”

పాపం, నేల మేలు చేశాననుకుంది. కడుపంతా వెతుక్కుంది. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో దానికీ తెలియలేదు.

అక్కడే ఉన్న తొండ తల ఊపింది. “గోడలు కరిగాయి సరే, కాల్చిన కుండ కరగదుగా. మింగినవి కక్కమ్మా,” అంది.

సాయంత్రం జల్లు పడగానే నేల ఒళ్లు విదిలించింది. మట్టి జారి, ఎక్కడి పెంకులు అక్కడే పైకి తేలాయి. ఈరి ఒక పెంకు దగ్గర వంగి చూసింది. దాని అంచున చిన్న బొటనవేలి నొక్కు ఉంది. కుండ పచ్చిగా ఉన్నప్పుడు తనే నొక్కి, కుమ్మరి తాతతో తిట్లు తింది. ఇప్పుడు పెట్టి చూస్తే వేలు పట్టలేదు.

“అమ్మా, ఇది మన కుండే,” అంది.

అక్కడే తవ్వారు. పాతర అంచుల్లో గింజలు మురిగిపోయినా నడుమ బాగున్నాయి. తెల్లారగానే విత్తారు.

మిగతావాళ్ల కోసం నేల ఎదురుచూసింది. ఒక్కరూ రాలేదు.

అప్పటినుంచే, ఊరు లేచిపోయిన పాటిదిబ్బల మీద పైరు ఏపుగా పెరుగుతుంది. రానివాళ్ల గింజలన్నీ ఆ మట్టిలోనే కలిసిపోయాయి మరి. వాన పడ్డప్పుడల్లా పెంకులు పైకి తేలతాయి. మీదేనా, మీదేనా అని నేల ఇప్పటికీ వాటిని బయటపెట్టుకుని కూర్చుంటుంది.