పరగడుపు మందు

ఈ కథలో ముందు జరిగింది వెనక్కీ, వెనక జరిగింది ముందుకీ పోతే ఏమీ అనుకోకండి. ఈమధ్య ఉప్పుడబ్బా ఎక్కడ పెట్టానో కూడా నాకు గుర్తుండటం లేదు. ఉన్నది కాస్తా మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మెట్టపల్లెలో చెంచమ్మ ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. ఇంట్లో ఉండేది చెంచమ్మ, ఆమె కొడుకులు మాలకొండయ్య, తిరుపాలు, మాలకొండయ్య పెళ్ళాం ఆదెమ్మ. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మాటకి తోకలూ కొమ్ములూ తగిలించడం మాకు చేతకాదు" అని చెంచమ్మ అరుగు మీద కూర్చుని దారినపోయే వాళ్ళందరికీ చెప్పేది.

అందరిలోకీ తెలివిగలదాన్ని తనేనని ఆదెమ్మ నమ్మకం. ఒకసారి అత్త "పాల మీద కన్నేసి ఉంచవే" అని చెప్పి బయటికెళ్ళింది. అంతే, ఆదెమ్మ ఒక కన్ను చేత్తో మూసుకుని రెండో కంటితో పాలకేసి చూస్తూ కూర్చుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. "దించమని మీరు చెప్పలేదుగా అత్తా" అంది. చెంచమ్మ మురిసిపోయి కోడలికి మెటికలు విరిచింది.

ఆదెమ్మకో మేక ఉంది. పేరు బొల్లి. కాపురానికి పంపేటప్పుడు వాళ్ళమ్మ దాని తాడు చేతికిచ్చింది. ఆ ఇంట్లో గరిటె దగ్గర్నించి గొంగళి దాకా అన్నీ అత్తవే. నాది అని చెప్పుకోవడానికి ఆదెమ్మకి ఉన్నది బొల్లి ఒక్కటే. అలాంటి బొల్లి వానలు పడ్డాక చిక్కిపోయింది. పెంటికలు నీళ్ళయిపోయి పారుడు పట్టుకుంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. నిరుడు చెంచమ్మ మేకలన్నీ సరిగ్గా ఇలాగే దవడ వాచి చచ్చిపోయాయి. ఆదెమ్మకి అన్నం సయించలేదు.

పశువుల డాక్టరు వచ్చి బొల్లి కంటిరెప్ప కిందికి లాగి చూశాడు.

"ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయింది. కడుపులో పాములున్నాయి. రక్తమంతా అవే తాగేస్తున్నాయి."

"పాములే!" అని తిరుపాలు అరుగెక్కి నిలబడ్డాడు.

"పైగా ఇది చూడి మేక."

"చూస్తూనే ఉన్నామండీ" అంది ఆదెమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరు సీసా చేతికిచ్చాడు. "రేప్పొద్దున పరగడుపున పట్టించండి. గడ్డి మీద మంచు ఆరకుండా మేపకండి, ఆ తడిలోనే వాటి పిల్లలుంటాయి" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది! చెంచమ్మ కుంకుమ భరిణె తెచ్చి బొల్లి రెప్పలకి దట్టంగా పూసింది. "ఇప్పుడు ఎర్రగానే ఉందిగా. సగం రోగం పోయినట్టే."

తెల్లారేసరికి అన్నదమ్ములిద్దరూ తువ్వాళ్ళు పట్టుకుని బొల్లి మేసే బీడులో కూర్చున్నారు.

"ఏందిరా, ఏం చేస్తున్నారు?" అని ఎవరో అడిగారు.

"గడ్డికి ఒళ్ళు తుడుస్తున్నాం" అన్నాడు తిరుపాలు.

"ఎండొస్తే అదే ఆరుద్ది గదరా."

"ఎండకి తువ్వాలు లేదుగా" అన్నాడు మాలకొండయ్య.

ఇంటి దగ్గర ఆదెమ్మ సీసా పట్టుకుని నిలబడింది. "అత్తా, పరగడుపు అంటే?"

"ఇంత కూడా తెలీదటే? పర అంటే పరాయి. పరాయి కడుపు."

అంతే! ఆదెమ్మ పక్కింటి సుబ్బరత్తమ్మ దొడ్లోకి వెళ్ళి, వాళ్ళ మేకపోతు నోరు తెరిచి సీసా మొత్తం వంచేసింది. సుబ్బరత్తమ్మ కేకలేసుకుంటూ వచ్చింది.

"ఏందే నా పోతుకి పోశావు?"

"పాముల మందు పిన్నీ. పరాయిది కాబట్టి పోశాను. మాదైతే పోసేదాన్నా?"

కొన్నాళ్ళకి సుబ్బరత్తమ్మ పోతు నిగనిగలాడుతూ గోడలు దూకసాగింది. బొల్లి లేచి నిలబడలేక గోడకి ఆనుకుంది. చెంచమ్మ పక్కింటి మీదికి పోయి, "మా మందు బలం మాకిచ్చెయ్" అని కొంగు పట్టింది. "పట్టుకో, నా పోతు వేసిన పెంటికలు" అని సుబ్బరత్తమ్మ ఆ కొంగులోనే చేటెడు పోసింది. చెంచమ్మ వాటిని తెచ్చి బొల్లి ముందు పెట్టింది. బొల్లి ముఖం తిప్పేసుకుంది.

ఆదెమ్మ ఇక ఆగలేక ఏడుస్తూ డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. సంగతి విని ఆయన నెత్తి పట్టుకున్నాడు.

"పరగడుపు అంటే ఏమీ తినని కడుపమ్మా! మీ మేక కడుపు! మీ బొల్లి!"

"ఈ ముక్క అప్పుడే చెబితే పోయేదిగదండీ" అంది ఆదెమ్మ.

డాక్టరు ఇంకో సీసా ఇచ్చి, "తల మరీ పైకెత్తకుండా మెల్లిగా తాగించు, లేకపోతే పొరబోయి ఊపిరాడదు. తర్వాత పాములు పడిపోతాయి" అన్నాడు. ఆదెమ్మ మర్నాడు పొద్దున్నే బొల్లికే తాగించింది. ఆ ఇంట్లో ఒక పని సరిగ్గా జరగడం అదే మొదలు. తాగించీ తాగించగానే నలుగురూ కర్రలు పట్టుకుని మంచమెక్కారు, పాము పడితే కొడదామని.

పెంటికల్లో దారప్పోగుల్లాంటి సన్నటి పురుగులు పడ్డాయి. మాలకొండయ్య పుల్లతో కదిపి చూసి పెదవి విరిచాడు.

"ఇవి పిల్లలు. తల్లి లోపలే ఉంది."

మాట నిజమే అనిపించింది. బొల్లి మేత మేసింది, దవడ వాపు తీసింది, రెప్పలు కుంకుమ లేకుండానే ఎర్రబడ్డాయి. కడుపు మాత్రం రోజురోజుకీ పెరిగింది. ఆదెమ్మ చెయ్యి వేసి చూసింది. లోపల ఏదో కదిలింది!

"అత్తో, తల్లిపాము తన్నింది!"

"పాముకి కాళ్ళేవే?" అంది చెంచమ్మ.

"ముసలిదైతే వస్తాయేమో" అన్నాడు తిరుపాలు. అందరూ ఒప్పుకున్నారు.

తిరుపాలు వెళ్ళి పాములాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన బుట్ట దించి, కూర్చుని, నాగస్వరం ఊదాడు. ఊదుతుండగానే బొల్లి మూలిగి పడుకుంది. తడితడిగా, నల్లగా, పొడుగ్గా ఒకటి జారిపడింది. పక్కకి రెండు చెవులు విచ్చుకున్నాయి.

"పడగ! పడగ!" అని తిరుపాలు మంచమెక్కాడు.

పాములాయన ఊదడం మానేశాడు. "తల్లీ, ఇది మేకపిల్ల."

"మాకు చెప్పొస్తున్నావా? డాక్టరు మేకపిల్ల అనలేదు, పాములన్నాడు" అంది ఆదెమ్మ. ధైర్యం చేసి కర్రతో దాని నోరు తెరిచి చూసింది. కింది చిగురున బియ్యపు నూకల్లా పళ్ళు మెరిశాయి. "ఇవిగో కోరలు! తీసుకుపో అయ్యా, నీ కాళ్ళు మొక్కుతాను. ఇది ఇక్కడుంటే నా బొల్లి నాకు దక్కదు."

పాములాయన పిల్లని బుట్టలో పెట్టి, మూత వేసి, చెంచమ్మ పెట్టిన చేటెడు బియ్యం మూట కట్టుకుని గబగబా నడిచాడు. బొల్లి తాడు తెంపుకోబోతూ అరిచింది. ఆదెమ్మ దాని మెడ కౌగిలించుకుని, "పీడ విరగడైంది తల్లీ, ఏడవకు" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

అంతలో బొల్లి మళ్ళీ పడుకుంది. మళ్ళీ మూలిగింది. తెల్లమచ్చతో రెండోది జారిపడి, లేవబోయి, ఆదెమ్మ పాదం మీదే బోర్లాపడి, "మే" అంది.

ఇంకేముంది! ఆదెమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని వీధిలోకి పరుగు తీసింది.

"ఓ పాములాయనా! ఆగాగు! దీని మొగుడు కూడా పడ్డాడు!"

వకుళా, నేను రాసింది ముందుగా చదివేది మా చెల్లెలి కూతురివి నువ్వే కాబట్టి నిన్నే అడుగుతున్నాను. పేర్లు ఒకసారి సరిచూడవే. ఆమె ఆదెమ్మేనా, ఆదిలక్ష్మా? మేక బొల్లేనా, చుక్కా? మనుషుల పేర్లు మారినా ఏమీ కాదు గానీ మేక పేరు మాత్రం తప్పు పడనివ్వకు. ఆ ఇంట్లో బుద్ధిగలది అదొక్కటే.