‘మన’లో ఎవరెవరు?

1887 జూన్ 11, శనివారం. మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైనా చినుకు లేదు. పడమటి గాలి నిప్పులు కక్కుతోంది. గుమ్మలేరు సంస్థానం కచేరీలో వట్టివేళ్ళ తడకలు తడిపిన పావుగంటకే ఎండిపోతున్నాయి. అలాంటి పూట రాజా నరసింహ భూపతి గారికి ఒక కోరిక పుట్టింది.

“యేసు దేవుడా, మనిషా? సాయంత్రంలోగా మాకు తేలాలి!” అన్నారు.

రాజావారు తన గురించి ఎప్పుడూ ‘మేము’ అనే అనేవారు. ఆ రోజుల్లో పెద్ద ఉద్యోగులూ అంతే. అంతదాకా ఎందుకు, మా కాలేజీ తెలుగు పండితులు కూడా “మాకు తలనొప్పిగా ఉంది” అనేవారు. ఎన్ని తలలండీ అని అడిగినవాణ్ణి బెంచీ ఎక్కించారు. సరే, కథలోకి వద్దాం.

ఆ కోరికకి కారణం ఉంది. దివాన్ తిమోతి రంగారావు గారు అంతకు పదిరోజుల ముందే కాలం చేశారు. భార్యాబిడ్డలు లేరు. క్రైస్తవులే గానీ, ఏ సంఘమో ఎవరికీ అంతు చిక్కలేదు. ఆదివారం ఉదయం గిద్యోను పాస్టరు గారి గుడికి వెళ్ళేవారు. అక్కడ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ కలిసి ఒకే దేవుడు. సాయంత్రం నెహెమ్యా బోధకుడి పాకకి వెళ్ళేవారు. అక్కడ దేవుడు ఒక్కడే. యేసు ఆయన పంపిన మహాపురుషుడు. దివాన్ గారు రెండుచోట్లా ముందు వరసలో కూర్చుని, రెండుచోట్లా తల ఊపేవారు. దివాన్‌గిరీ అలవాటు అంత తొందరగా పోదు.

పోయేముందు వంటమనిషి సంతోషమ్మ చేత ఒక కాగితం రాయించి సంతకం పెట్టారు. అందులో ఉన్నది ఒక్క వాక్యం.

“మేము పోయినా ఈ ఇల్లూ, మామిడితోటా మనవే.”

‘మన’ అంటే మా సంఘమేనని ఇద్దరు పెద్దలూ పట్టుబట్టారు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: సోమవారానికల్లా సంతోషమ్మ ఇల్లు ఖాళీ చేయాలి. ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో వండిపెట్టిన మనిషికి తలదాచుకోవడానికి మరో గడప లేదు. ఆవిడ నోట కొంగు కుక్కుకుని కచేరీ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

“వాదించుకోండి. ఎవరు గెలిస్తే వారి సంఘానిదే ఇల్లు,” అన్నారు రాజావారు.

గిద్యోను గారు ముందు లేచారు. “ప్రభూ, బైబిల్లో మనిషిని చేసేటప్పుడు దేవుడు ‘మన పోలికలో చేద్దాం’ అన్నాడు. ఉన్నది ఒక్కడే అయితే ‘మన’ ఎందుకంటాడు?”

నెహెమ్యా గారు పకపకా నవ్వారు. “రాజావారు ‘మేము భోంచేశాం’ అంటే ముగ్గురు భోంచేసినట్టా, పాస్టరు గారూ?”

కచేరీ గొల్లుమంది. రాజావారు బొజ్జ నిమురుకున్నారు.

“అది ‘మేము’, నాయనా!” గిద్యోను గారు వదల్లేదు. “‘మేము’ అని ఒక్కడూ అనుకోవచ్చు. ‘మనం’ అనాలంటే ఎదుట వినేవాడుండాలి. గోడని పట్టుకుని ‘మనం భోంచేద్దాం’ అంటారా ఎవరైనా?”

నెహెమ్యా గారు వేలెత్తి పైకి చూపించారు. “ఉన్నారు వినేవాళ్ళు! దేవదూతలు.”

“కాదు, కుమారుడు!”

“దూతలు!”

“కుమారుడు!”

అప్పుడు దుబాసి లింగమూర్తి లేచాడు. దొరల ఇంగ్లీషుని రాజావారికి తెలుగులో చెప్పడం ఆయన పని. ఇంగ్లీషులో మేముకీ మనముకీ ఒకటే మాట. ఒకసారి కలెక్టరు దొర తామూ దొరసానీ భోజనానికి వెళ్తామంటే, లింగమూర్తి “మనం భోంచేద్దాం” అని చెప్పాడు. కచేరీ కచేరీ అంతా వెళ్ళి దొర బల్ల చుట్టూ కూర్చుంది. ఆనాటి నుంచి ఆ రెండు మాటల దగ్గర ఆయన మహా జాగ్రత్త.

“చిన్న సందేహం, అయ్యలారా. ‘మేము’ అన్నది ఒక్కరైనా కావచ్చునంటారు?”

“నిస్సందేహంగా,” అన్నారు నెహెమ్యా గారు.

“‘మన’ అంటే వింటున్నవారు అందులో చేరినట్టేనా?”

“చేరి తీరాలి!” అని గిద్యోను గారు.

“నేనూ ఒప్పుకుంటాను. వినేదెవరన్నదే తగవు,” అని నెహెమ్యా గారు.

లింగమూర్తి వీలునామా తీసి పైకి చదివాడు. “దివాన్ గారు ఈ మాట అంటున్నప్పుడు గదిలో ఉండి విన్నదెవరు?”

తలలన్నీ గుమ్మం దగ్గరున్న సంతోషమ్మ వైపు తిరిగాయి.

“ఆ వంటావిడా?” గిద్యోను గారు ఉలిక్కిపడ్డారు. “ఆవిడ ఊరికే రాసింది. చేతిలో కలం ఎలాగో ఆవిడా అలాగే!”

“గోడతో అనని ‘మన’ కలంతో అంటారా, అయ్యా?”

నెహెమ్యా గారు తొందరపడి, “అలా అయితే సంతోషమ్మ మా సంఘం మనిషే!” అన్నారు.

“కాదు, మా మనిషి!” అన్నారు గిద్యోను గారు.

గుమ్మం దగ్గర నుంచి సంతోషమ్మ మెల్లగా అంది: “నిన్ననేగా అయ్యా, ‘నువ్వు మా మనిషివి కావు, పొమ్మ’ని ఇద్దరూ చెప్పారు? నేనెప్పుడు గుడికొచ్చాను గనక! ఆదివారాలు మీ ఇద్దరికీ కోడి వండడానికే సరిపోయేది.”

లింగమూర్తి రాజావారి వైపు తిరిగాడు.

“ఆ గదిలోని ‘మన’లో ఉన్నది ఇద్దరు, ప్రభూ. పోయినవారిని తీసేయండి. మిగిలింది ఎవరు?”

రాజావారు తొడ చరిచి నవ్వారు. పంఖా లాగేవాడు తాడు వదిలేసి మరీ నవ్వాడు. కాసేపటికి తేరుకుని, “మరి మా ప్రశ్న ఏమైందోయ్? యేసు దేవుడా, మనిషా?” అని అడిగారు.

“అది తేల్చుకోవడానికి వీరిద్దరూ ఇంకో ఇల్లు చూసుకోవాలి, ప్రభూ.”

ఇల్లూ, మామిడితోటా, దొడ్లో ఉన్న రెండు పాడి గేదెలూ సంతోషమ్మకి దక్కాయి. దివాన్ గారి వెండి పొన్నుకర్ర రాజావారే ఉంచుకున్నారు. లింగమూర్తికి జరీ శాలువా కప్పారు, అంత ఎండలోనూ. గిద్యోను పాస్టరు గారికీ, నెహెమ్యా బోధకుడు గారికీ ఏమీ రాలేదు.